గేరుబాక్సు దించే ముందు

కారులో అరిగిపోయే భాగాలన్నింటిలో క్లచ్‌ది విచిత్రమైన స్థానం. టైర్లు అరిగితే పైకే కనిపిస్తాయి, బ్రేకు ప్యాడ్లు అరిగితే చక్రం విప్పగానే కనిపిస్తాయి. క్లచ్ ప్లేటు మాత్రం ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ, ఆ రెండింటినీ విడదీస్తే తప్ప కంటికి అందని చోట ఉండి, తన అరుగుదలను వాసనతోనో, శబ్దంతోనో, ఎత్తు ఎక్కలేక మొరాయించడంతోనో తెలియజేస్తుంది. చిన్న కార్లకు క్లచ్ సెట్టు కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది గానీ, దానిని బిగించాలంటే ముప్పై, నలభై కిలోల గేరుబాక్సును కిందికి దించి మళ్లీ యథాస్థానానికి ఎక్కించాలి కాబట్టి, ఈ మరమ్మతులో వస్తువు కంటే ఆ వస్తువు దగ్గరకు చేరే దారే కష్టమైనది. ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు వేసుకోవడం వంటి పనులు ఇంటి ముందే చేసుకొని పానాలు పట్టడం అలవాటైన యజమానికి, ఇది మాత్రం ఎందుకు చేసుకోకూడదన్న ఆలోచన రావడం సహజమే. ఆ ప్రశ్నకు జవాబు చేతి నైపుణ్యం మీద కొంతే ఆధారపడుతుంది; కారును రెండు రోజులపాటు కదలకుండా నిలిపే చోటు ఉందా, పొరపాటు జరిగితే అదే పనిని మొదటి నుంచి మళ్లీ చేసే ఓపిక ఉందా, ఆ రెండు రోజులూ కారు లేకుండా ఇల్లు గడుస్తుందా అన్న సంగతులు దానిని ఎక్కువగా నిర్ణయిస్తాయి.

పట్టు ఎలా పుడుతుంది

ఇంజను నడుస్తున్నంతసేపూ తిరుగుతూనే ఉండాలి, కారు మాత్రం ఆగాలి, కదలాలి, గేర్లు మారాలి; పొసగని ఈ రెండు అవసరాలకూ కుదిర్చిన రాజీయే క్లచ్. ఇంజనులోని క్రాంక్‌షాఫ్టు కొసన బిగించి ఉండే బరువైన ఇనుప చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దాని ముఖానికి ఆనుకొని, రెండు వైపులా ఘర్షణ పదార్థం రివెట్లతో బిగించిన గుండ్రని బిళ్లే క్లచ్ ప్లేటు. దాని నడిమి రంధ్రంలో ఉండే గాడులు, మెకానిక్కుల మాటలో స్ప్లైన్లు, గేరుబాక్సు నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్టు గాడులలో ఇమిడిపోయి ఉంటాయి కనుక ప్లేటు ఆ షాఫ్టు మీద ముందుకూ వెనక్కూ జరగగలదు గానీ, తిరగడం మాత్రం దానితో కలిసే తిరుగుతుంది. ఈ ప్లేటును ఫ్లైవీలుకు అదిమిపట్టే పని ప్రెషర్ ప్లేటుది; నడిమి భాగం వేళ్లలా చీలి, లోతు తక్కువ శంకువులా వంగి ఉండే ఉక్కు రేకు అందులో స్ప్రింగుగా పనిచేస్తుంది, దీనినే డయాఫ్రం స్ప్రింగు అంటారు. పెడల్ తొక్కినప్పుడు కేబులు గానీ, నూనె ఒత్తిడి గానీ ఒక ఫోర్కును కదిలించి రిలీజ్ బేరింగును ఆ వేళ్ల మీదికి నెడుతుంది. వేళ్లు లోపలికి వంగగానే ప్రెషర్ ప్లేటు వెనక్కి జరిగి, నడుమ ఉన్న క్లచ్ ప్లేటు వదులై, ఇంజను తిరుగుడు గేరుబాక్సుకు అందకుండా ఆగిపోతుంది.

ఈ పట్టు ఎంత బలంగా ఉండాలన్నది లెక్కకు అందే విషయమే. ఘర్షణ గుణకం, స్ప్రింగు అదిమే బలం, ప్లేటు సగటు వ్యాసార్థం, ఘర్షణ జరిగే ముఖాల సంఖ్య అనే నాలుగింటినీ గుణిస్తే, జారకుండా ఆ క్లచ్ మోయగల టార్క్, అంటే తిప్పుడు బలం, తెలుస్తుంది. గుణకం 0.3, స్ప్రింగు బలం 3,500 న్యూటన్లు, వ్యాసార్థం 8 సెంటీమీటర్లు, ముఖాలు రెండు అనుకుంటే వచ్చే ఫలితం 168 న్యూటన్ మీటర్లు. మన రోడ్ల మీద విరివిగా కనిపించే 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను గరిష్ఠంగా ఇచ్చే టార్క్ 110 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, కొత్త క్లచ్‌లో అవసరానికి మించి సగం పట్టు నిల్వ ఉన్నట్టు లెక్క. ఆ నిల్వ ఉండబట్టే ప్లేటు చాలావరకు అరిగాక కూడా కారు ఏ తేడా లేకుండా నడుస్తుంది, ఆ నిల్వ తరిగిపోయాక మాత్రం కొద్ది రోజుల్లోనే పరిస్థితి చేయి దాటుతుంది. డయాఫ్రం స్ప్రింగుకు మరో స్వభావం ఉంది: ప్లేటు అరిగేకొద్దీ అది అదిమే బలం మొదట కొంత పెరిగి, ఆ తర్వాతే పడిపోతుంది. పాతబడిన క్లచ్ పెడల్ కొత్తలో కంటే బరువుగా తోచడానికి తరచు ఇదే కారణం, కాలి నొప్పిని వయసు మీదికి నెట్టేసే యజమానులు గమనించవలసిన సంగతి కూడా ఇదే.

పూర్తిగా పట్టిన క్లచ్ అరగదు, పూర్తిగా వదిలిన క్లచ్ కూడా అరగదు; ఆ రెండు స్థితుల నడుమ, డ్రైవర్లు హాఫ్ క్లచ్ అని పిలిచే జారుడు క్షణాల్లోనే అరుగుదల అంతా జరుగుతుంది. అయిదుగురితో కలిపి 1,300 కిలోల బరువున్న చిన్న కారును, పది అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఘాట్ రోడ్డు మీద, బ్రేకు వాడకుండా మొదటి గేరులో హాఫ్ క్లచ్‌తో నిలబెట్టారనుకుంటే, ఇంజను నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 3.5 కిలోవాట్లు ఉంటుంది; అంటే ఇళ్లలో వాడే గీజర్లు దాదాపు రెండు, చుక్క నీరు లేకుండా, టిఫిను ప్లేటు కంటే చిన్న బిళ్ల మీద పనిచేస్తున్నట్టు. తిరుమలకు ఎక్కే రెండో ఘాట్ రోడ్డు మీద పండుగ రోజుల్లో వాహనాలు బారులు తీరినప్పుడూ, శ్రీశైలం మలుపుల్లో లారీ వెనుక ఇరుక్కున్నప్పుడూ వినవచ్చే మాడు వాసన ఈ వేడి ఫలితమే. ఘాట్లు ఎక్కని కార్లకూ ఊరట లేదు, ఎందుకంటే సాయంత్రం గచ్చిబౌలి కూడళ్లలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో అడుగడుగుకూ ఆగి కదిలే కారు, హైవే మీద అంతే దూరం నడిచిన కారు కంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు క్లచ్‌ను జారనిస్తుంది. ఒకే మోడల్ కారులో ఒకరి చేతిలో క్లచ్ నలభై వేల కిలోమీటర్లకే అయిపోవడం, మరొకరి చేతిలో లక్ష దాటినా గట్టిగా ఉండడం ఇందువల్లే.

నిజంగా క్లచ్చేనా?

సొంతంగా మార్చుకోవాలా, షెడ్డుకు ఇవ్వాలా అన్నది రెండో ప్రశ్న. మార్చవలసింది అసలు క్లచ్చేనా అన్నది మొదటిది. ఈ మొదటి ప్రశ్నకు జవాబు యజమాని తన చేతులతోనే, ఒక్క బోల్టు విప్పకుండా, చాలావరకు రాబట్టుకోగలడు, అయినా దాదాపు అందరూ దీనిని దాటవేసి నేరుగా రెండో ప్రశ్నకు వెళ్తారు.

పికప్ తగ్గిందన్న ఫిర్యాదుతో మొదలుపెడితే, అందులో రెండు వేర్వేరు జబ్బులు కలగలిసి ఉండవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను చుట్లు గబుక్కున పెరిగి, వేగం మాత్రం పెరగకపోతే అది క్లచ్ జారుడు. ఇంజను చుట్లు కూడా బద్ధకంగానే పెరుగుతుంటే దోషం క్లచ్‌లో లేదు, ఇంధనం, గాలి, స్పార్కు ప్లగ్గుల వైపు చూడాలి. జారుడును తేల్చుకోవడానికి మెకానిక్కులు చేసే పరీక్ష సులువైనది: సమతలమైన ఖాళీ జాగాలో, ముందు ఎవరూ లేకుండా చూసుకొని, హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరు గానీ నాలుగో గేరు గానీ వేసి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ పెడల్‌ను నిదానంగా వదలాలి. పట్టు బాగున్న క్లచ్ అయితే ఇంజను మూలిగి ఆగిపోతుంది. ఆగకుండా హాయిగా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టే. ఈ పరీక్ష కూడా ప్లేటును కాల్చేదే కాబట్టి ఒకసారి చేసి ఊరుకోవాలి, ఇరుగుపొరుగును పిలిచి పదిసార్లు చూపించకూడదు.

జారుడు రుజువైనంత మాత్రాన ప్లేటు అరిగిందని కాదు. కేబులుతో నడిచే క్లచ్‌లలో పెడల్ పైభాగంలో కొంత ఖాళీ ఆట ఉండాలి, సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్లు. ప్లేటు అరిగేకొద్దీ ఆ ఆట తగ్గుతూ వచ్చి, చివరకు పూర్తిగా మాయమైతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ స్ప్రింగు వేళ్లను నొక్కుతూనే ఉండి, ఇంకా ఆయుష్షు ఉన్న ప్లేటు కూడా జారుతుంది. కేబులు కొసన ఉన్న సర్దుబాటు నట్టును కొన్ని చుట్లు తిప్పితే తీరిపోయే ఈ లోపానికి గేరుబాక్సు దించిన సందర్భాలు తక్కువేమీ కావు. ఇందుకు వ్యతిరేక దిశలో, పెడల్ మొత్తం తొక్కినా గేరు పడకపోవడం, రివర్సు వేసేటప్పుడు కరకరమనడం క్లచ్ పూర్తిగా వదలకపోవడానికి గుర్తులు. దీనికి తెగుతున్న కేబులు పోగులో, హైడ్రాలిక్ రకంలో అయితే మాస్టర్ సిలిండర్‌లోనో స్లేవ్ సిలిండర్‌లోనో నూనె కారడమో, చివరకు పెడల్ కింద మడతపడిన కాలిపట్టో కారణం కావచ్చు. మాస్టర్ సిలిండర్ అంటే పెడల్ నొక్కుడును నూనె ఒత్తిడిగా మార్చేది, స్లేవ్ సిలిండర్ అంటే ఆ ఒత్తిడిని గేరుబాక్సు దగ్గర మళ్లీ కదలికగా మార్చేది. చాలా కార్లలో ఇవి బ్రేకు నూనె డబ్బానే పంచుకుంటాయి కాబట్టి డబ్బాలో మట్టం తగ్గుతుంటే రెండు వ్యవస్థలనూ అనుమానించాలి.

శబ్దాలకూ ఇలాంటి తర్కమే ఉంది. ఇంజను నడుస్తూ, గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు, పెడల్ తొక్కితే పుట్టి వదిలితే ఆగే గీరు చప్పుడు రిలీజ్ బేరింగుది. పెడల్ వదిలినప్పుడు వినిపించి తొక్కగానే ఆగిపోయే రొద చాలాసార్లు గేరుబాక్సు లోపలి ఇన్‌పుట్ షాఫ్టు బేరింగుది, అది క్లచ్ మార్చినా పోదు. కదిలేటప్పుడు కారు వణకడం మాత్రం తికమక పెట్టే లక్షణం, ఎందుకంటే ప్లేటు మీద పడిన నూనె, వేడికి ముఖం పాడైన ఫ్లైవీల్, చీలిన ఇంజను మౌంటింగు రబ్బరు ఈ మూడూ ఒకే రకమైన వణుకును పుట్టించగలవు. మూడింటిలో చివరిది మార్చడానికి గంట పని చాలు.

దించడం, ఎక్కించడం

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తర్వాత మన దేశంలో చిన్న కారు నిర్మాణం తీరే మారిపోయింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తరం కార్లలో ఇంజను పొడవుగా, దాని వెనుక గేరుబాక్సు, దాని వెనుక వెనుక చక్రాల దాకా పోయే ప్రొపెల్లర్ షాఫ్టు వరుసగా ఉండేవి. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజనూ గేరుబాక్సూ బానెట్ కింద అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉంటాయి, గేరుబాక్సు నుంచి రెండు డ్రైవ్ షాఫ్టులు నేరుగా ముందు చక్రాలకు పోతాయి. కారులో చోటు మిగిల్చిన ఈ ఏర్పాటే క్లచ్ మార్చేవాడికి చోటు లేకుండా చేసింది.

పని వరుస చెప్పడానికి చిక్కైనదేమీ కాదు. బ్యాటరీ, దాని కింది పళ్లెం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి పై బోల్టులకు దారి చేసుకోవాలి. గేరు కేబుళ్లు, క్లచ్ కేబులు, రివర్సు లైటు వైరు, స్టార్టర్ మోటారు విప్పాలి. గేరు ఆయిలు వంపాలి. ముందు చక్రాలు తీసి, కింది బాల్ జాయింట్లు విడదీసి, డ్రైవ్ షాఫ్టులను గేరుబాక్సు నుంచి లాగాలి. గేరుబాక్సు వైపు మౌంటింగు ఊడదీస్తే ఇంజను వాలిపోతుంది కనుక ముందుగానే దానికి పైనుంచి గొలుసుతోనో, కింది నుంచి జాకీతోనో ఊతం ఇవ్వాలి. ఆ తర్వాతే బెల్ హౌసింగ్ బోల్టులు తీసి గేరుబాక్సును పక్కకు జరిపి దించాలి. బెల్ హౌసింగ్ అంటే క్లచ్ మొత్తాన్ని కప్పి ఉండే, గంట ఆకారపు అల్యూమినియం తొడుగు. అలవాటు పడిన ఇద్దరికి ఇదంతా సాధారణంగా ఒక పూట పని. మొదటిసారి చేసేవారికి రెండు రోజులు పట్టవచ్చు, సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పట్టిన విశాఖ, కాకినాడ కార్లలో ఒక్క బాల్ జాయింటు దగ్గరే ఒక ఉదయం గడిచిపోనూవచ్చు.

గేరుబాక్సు కిందికి వచ్చాక కనిపించే క్లచ్ నిజానికి చాలా సరళమైన వస్తువు, ఆరు బోల్టులు తీస్తే చేతిలోకి వస్తుంది. కొత్తది బిగించే దశలోనే రెండు మూడు పొరపాట్లు కాచుకొని ఉంటాయి. క్లచ్ ప్లేటుకు ఒక ముఖం ఫ్లైవీల్ వైపూ, మరొకటి గేరుబాక్సు వైపూ ఉండాలి. తిరగేసి పెడితే నడుమ ఉబ్బెత్తుగా ఉన్న స్ప్రింగుల భాగం ఫ్లైవీల్ బోల్టులకు తగిలి క్లచ్ వదలదు, ఆ సంగతి అన్నీ బిగించి పెడల్ తొక్కిన తర్వాత గానీ బయటపడదు. ప్లేటును ఫ్లైవీల్ నడిమికి సరిగ్గా నిలపడానికి అలైన్‌మెంట్ టూల్ అనే ప్లాస్టిక్ గానీ ఇనుప గానీ కడ్డీని వాడతారు, పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క దొరికితే మెకానిక్కులు దానితోనే సరిపెడతారు. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఒక్కొక్కటిగా పూర్తిగా బిగించుకుంటూ పోతే డయాఫ్రం స్ప్రింగు వంకర తిరుగుతుంది కాబట్టి, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. ఎంత బిగువన్నది ఆ కారు మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచీతో కొలవాలి. స్ప్లైన్లకు గ్రీజు పలుచగా, వేలితో రాసి తుడిచినంతే చాలు, ఎక్కువైన గ్రీజు తిరుగుడుకు ఎగిరి కొత్త ప్లేటు మీదే పడుతుంది.

అన్నింటికంటే కఠినమైన ఘట్టం గేరుబాక్సును తిరిగి ఎక్కించడంలో చివరి సెంటీమీటరు. నలభై కిలోల బరువును కింద నుంచి ఎత్తిపట్టి, ఇన్‌పుట్ షాఫ్టు గాడులు ప్లేటు గాడులలోకి దిగేలా కోణం చూసుకుంటూ నెడితే, బెల్ హౌసింగ్ ఇంజనుకు దాదాపు ఆనుకొని, ఓ వేలి మందం సందు మిగిలి ఆగిపోతుంది. అక్కడ సహనం నశించినవారు పొడుగాటి బోల్టు పెట్టి లాగి బిగించేస్తే సందు మూసుకుంటుందని అనుకుంటారు. మూసుకునేది సందు కాదు, విరిగేది అల్యూమినియం చెవి, లేదా వంగేది ప్లేటు నడిమి భాగం. సరైన మార్గం ఏమిటంటే, డ్రైవ్ షాఫ్టు వైపు నుంచి గానీ, క్రాంక్‌షాఫ్టు పుల్లీ వైపు నుంచి గానీ కొద్దిగా తిప్పుతూ, గాడులు ఒకదానిలో ఒకటి పడేదాకా గేరుబాక్సును ఊపుతూ చూడడం, అప్పటికీ కూర్చోకపోతే దించి ప్లేటు నడిమికి ఉందో లేదో మళ్లీ సరిచూడడం. గేరుబాక్సు బరువును సగంలో ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడదీసి టీ తాగడానికి వెళ్లడం కొత్త ప్లేటును బిగించకముందే పాడుచేయడం. రెండో మనిషి లేకుండా ఈ పనికి పూనుకోకూడదనడానికి ఈ ఒక్క ఘట్టం చాలు.

చోటు, జాకీ, దుమ్ము

కారుతో పాటు వచ్చే జాకీ చక్రం మార్చడానికే ఉద్దేశించింది, దాని మీద నిలబెట్టిన కారు కిందికి తలపెట్టడం ప్రాణంతో ఆడుకోవడమే. హైడ్రాలిక్ జాకీ ఎంత బలమైనదైనా లోపలి సీలు కారితే మెల్లగా దిగిపోతుంది. అందుకే జాకీ ఎత్తడానికి, ఎత్తిన బరువును మోయడానికి ఇనుప స్టాండ్లు అన్నది విడదీయరాని జంట. ఇటుకలు, హాలో బ్రిక్కులు పైనుంచి ఒక చోట పడే బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి, వాటిని స్టాండ్ల స్థానంలో పెట్టకూడదు. నేల గట్టిగా, సమంగా ఉండాలి. వాననీరు పోవడానికి వాలుగా పోసిన అపార్టుమెంటు సెల్లార్లు ఈ షరతుకు తరచు నిలబడవు, పైగా నూనె మరకల విషయంలో అసోసియేషన్ వారి అభ్యంతరం ఎలాగూ ఉంటుంది.

క్లచ్ దుమ్ము గురించి మాత్రం కొంత వివరంగా చెప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం క్లచ్ ప్లేట్ల ఘర్షణ పదార్థంలో, వేడికి తట్టుకుంటుందన్న కారణంతో, రాతినార కలిపేవారు. ఆస్బెస్టాస్ అని పిలిచే ఈ ఖనిజం తెలుగునేలకు కొత్తది కాదు, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీనిని తవ్విన చరిత్ర ఉంది. దాని సూక్ష్మమైన నారలు ఊపిరితో లోపలికి పోతే దశాబ్దాల తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్‌కూ, వాటి పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సరుకూ కారణమవుతాయని వైద్యశాస్త్రం నిర్ధారించింది. పేరున్న కంపెనీలు రాతినార లేని పదార్థానికి మారి చాలాకాలమైనా, పాత కారులో ఎప్పుడో వేసిన ప్లేటులో ఏముందో, పేరూ ఊరూ లేని డబ్బాలో అమ్మే లోకల్ ప్లేటులో ఏముందో కంటితో చూసి చెప్పలేరు. బెల్ హౌసింగ్ విప్పగానే నల్లని దుమ్మును గాలి గొట్టంతో ఊదేయడం షెడ్లలో నిత్యం జరిగే పని, అదే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయడం, ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోవడం ఇంట్లో చేసేవారికైనా, షెడ్డులో చేసేవారికైనా తప్పనిసరి.

ఎవరి లెక్క వారిది

కారు మరమ్మతును ఇంటి పనిగా చూసే సంప్రదాయం మనకు పడమటి దేశాల నుంచి వచ్చింది, దాని వెనుక ఆ దేశాల కూలి రేట్లు ఉన్నాయి. 1960లో ఇంగ్లండులో జాన్ హేన్స్ నెలకొల్పిన ప్రచురణ సంస్థ, ఒక్కో మోడల్ కారును పూర్తిగా విప్పి, తిరిగి బిగించి, ఆ క్రమాన్ని బొమ్మలతో అచ్చువేసి లక్షల సంఖ్యలో అమ్మగలిగిందంటే, మెకానిక్కు గంటకు తీసుకునే డబ్బు అక్కడి మధ్యతరగతికి భారమై, ఇంటి పక్కన గరాజ్ అనే గది అందుబాటులో ఉండడమే అందుకు కారణం. ఆ రెండు పరిస్థితులూ మన దగ్గర తలకిందులుగా ఉంటాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి గరాజ్ ఉంది, అయితే అక్కడి కొత్త కార్లలో క్లచ్ పెడల్ ఉన్నవి చాలా అరుదు. ఇక్కడివారికి క్లచ్ పెడల్ ఉంది, గరాజ్ లేదు.

చిన్న కారు క్లచ్ మార్చడానికి మామూలు షెడ్డులో తీసుకునే లేబర్ ఛార్జీ, కంపెనీ సర్వీసు సెంటరుతో పోలిస్తే బాగా తక్కువగా, చాలా ఊళ్లలో క్లచ్ సెట్టు ధరకు లోబడే ఉంటుంది. దానిని మిగుల్చుకోవడానికి హైడ్రాలిక్ జాకీ, నాలుగు స్టాండ్లు, ఇంజనుకు ఊతమిచ్చే సామాను, టార్క్ రెంచీ, అలైన్‌మెంట్ టూల్ కొంటే, పదేళ్లకు రెండుసార్లు వచ్చే పనికి ఆ పెట్టుబడి తిరిగి రాదు. ఆసియాలోనే పెద్ద వాహన మరమ్మతు కేంద్రాలలో ఒకటని పేరున్న విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి చోట, గేరుబాక్సు దించేవారు ఒకరు, ఫ్లైవీల్ ముఖాన్ని లేత్ మీద చదును చేసేవారు మరొకరు, సీళ్లూ బేరింగులూ అమ్మేవారు ఇంకొకరు నాలుగడుగుల దూరంలోనే ఉంటారు; ఇంట్లో పని పెట్టుకున్నవాడు ఫ్లైవీల్ మీద నీలపు మచ్చలు, సన్నని పగుళ్లు కనిపించిన క్షణాన, విప్పి పడేసిన కారును వదిలి దానిని చంకన పెట్టుకొని లేత్ వెతుక్కుంటూ పోవలసి వస్తుంది. డబ్బు మిగులుతుందన్న ఒక్క కారణంతో ఈ పనికి దిగడం తెలుగు రాష్ట్రాల్లో సమర్థించుకోవడం కష్టం.

నేర్చుకోవాలన్న కోరికతో దిగడం మాత్రం వేరు. ఇంట్లో రెండో వాహనం ఉండి, సొంత స్థలంలో గచ్చు చేసిన చదునైన నేల ఉండి, అంతకుముందు సస్పెన్షన్ పనులు చేసిన అనుభవం ఉండి, పాత మారుతి 800 గానీ, అలాంటి కేబులు క్లచ్ ఉన్న తేలికైన కారు గానీ చేతిలో ఉన్నవారికి ఇది అందుబాటులో ఉన్న పనే. ఇంజను పొడవుగా ఉండే పాత జీపుల్లో గేరుబాక్సు బరువెక్కువైనా కింద చేయి ఆడే చోటు ఉంటుంది. కొన్ని రకాల కార్లను మాత్రం ఇంట్లో ముట్టుకోకపోవడమే మేలు. చాలా డీజిల్ కార్లలో ఫ్లైవీల్ రెండు ముక్కలుగా, నడుమ స్ప్రింగులతో ఉంటుంది; 1985లో జర్మనీకి చెందిన లుక్ సంస్థ కార్ల కోసం ఉత్పత్తిలోకి తెచ్చిన ఈ డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను లేత్ మీద చదును చేయడం సరికాదు, దాని ఆట పరిమితి దాటిందో లేదో కొలవాలి, దాటితే మార్చాలి, దాని ధర క్లచ్ సెట్టుకు ఎన్నో రెట్లు. 2014లో సెలెరియోతో మన మధ్యతరగతికి పరిచయమైన ఏఎంటీ కార్లలో పెడల్ లేకపోయినా లోపల ఇదే పొడి క్లచ్ ఉంటుంది, దానిని తొక్కేది కాలికి బదులు కంప్యూటరు చెప్పినట్టు నడిచే యంత్రం. కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో ఆ కంప్యూటరుకు స్కానర్ పరికరంతో మళ్లీ నేర్పితే తప్ప కారు సరిగా కదలదు. రెండు క్లచ్‌లు ఉండే డ్యూయల్ క్లచ్ గేరుబాక్సులకు ప్రత్యేక పనిముట్లు కావాలి. వారంటీలో ఉన్న కారు సంగతి సరేసరి: క్లచ్ అరుగుదల మామూలుగా వారంటీ కిందికి రాదు, ఇంట్లో గేరుబాక్సు విప్పితే మిగతా భాగాల వారంటీ కూడా వివాదంలో పడుతుంది.

షెడ్డులో యజమాని వంతు

చేతికి నూనె అంటకుండా యజమాని చేయగలిగిన సగం పని ఒకటి మిగిలి ఉంది, ఎక్కువమందికి సరిపడేది అదే. జబ్బును తానే నిర్ధారించుకొని వెళ్లడం అందులో మొదటిది. రెండోది సామాను. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిసిన సెట్టునే తీసుకోవాలి, ప్లేటు ఒక్కటి మార్చి బేరింగు ఆదా చేస్తే ఆరు నెలలకు అది అరిచినప్పుడు గేరుబాక్సు మళ్లీ దించాలి. హైదరాబాద్ రాణిగంజ్‌లో గానీ, ఆటోనగర్ దుకాణాల్లో గానీ లుక్, వాలియో, ఎక్సెడీ వంటి పేర్లతో డూప్లికేట్లు కూడా కలిసి దొరుకుతాయి కాబట్టి, బిల్లు అడిగి, డబ్బా మీది పార్టు నంబరును కారు మోడల్, ఇంజను, తయారైన సంవత్సరంతో సరిపోల్చుకోవాలి.

మూడోది గేరుబాక్సు దిగిన అరగంట. ఆ అరగంటలో యజమాని అక్కడ ఉంటే చాలు, పూటంతా నిలబడి పనివారికి సలహాలు ఇవ్వనక్కర లేదు. ఫ్లైవీల్ ముఖం మీద నీలపు మచ్చలు, గోరు తగిలే గీతలు ఉన్నాయా, క్రాంక్‌షాఫ్టు వెనుక ఉండే ఆయిల్ సీలు దగ్గర తడి ఉందా, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు దగ్గర తడి ఉందా, డ్రైవ్ షాఫ్టు సీళ్ల పెదవులు చిరిగాయా, ఫోర్కు ఆనే చోట అరిగిందా అన్నవి అప్పుడే చూడగలిగిన సంగతులు. వందల్లో దొరికే ఆయిల్ సీలును ఆ సమయంలో మార్చకపోతే, తర్వాత దాని కోసం మొత్తం లేబర్ మళ్లీ కట్టాలి.

విప్పిన పాత ప్లేటును అడిగి చేతిలోకి తీసుకోవాలి. రెండు ముఖాలూ సమంగా అరిగి, రివెట్ల తలలు పైభాగానికి 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల లోతులోకి వచ్చి ఉంటే అది వయసుతో వచ్చిన అరుగుదల, కొత్త ప్లేటు కూడా అన్నే కిలోమీటర్లు నడుస్తుంది. ముఖం నల్లగా మెరుస్తూ, మందం మాత్రం ఇంకా ఉంటే వేడికి కాలింది, కారణం పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటులోనో, ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు వాడకపోవడంలోనో, సర్దుబాటు తప్పిన కేబులులోనో ఉంటుంది. ఒక పక్క జిడ్డుగా ఉంటే సీలు కారుతున్నట్టు, అది ఇంజను నూనె అయితే ఫ్లైవీల్ వైపు, గేరు ఆయిలు అయితే గేరుబాక్సు వైపు ఎక్కువగా అంటి ఉంటుంది, గేరు ఆయిలుకు ఘాటైన గంధకపు వాసన తెలిసిపోతుంది. నడిమి స్ప్రింగులు వదులై గలగలమంటుంటే, లేదా ప్లేటు ఒకే పక్క తినేసి ఉంటే ఫ్లైవీలునూ, షాఫ్టు నిలుపునూ మరోసారి చూడమని అడగాలి. గేరుబాక్సు ఇంకా నేల మీద ఉండగానే ఈ ప్రశ్నలు వేయాలి, ఎక్కించిన తర్వాత వేస్తే వాటికి జవాబు ఉండదు.